వీడియోలో దూలం లెక్క

సుద్దముక్క మాస్టారు ఆ ఇంజినీరింగ్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా దూలాల లెక్కలు చెబుతున్నారు. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ ఏడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, "ఇకనుంచి పాఠాలన్నీ వీడియోలోనే. ఒక్కసారి తీస్తే పదేళ్లు నడుస్తుంది," అన్నారు. మరి ఆ పదేళ్లూ మాస్టారేం చెయ్యాలో ఎవరూ అడగలేదు.

కెమెరా ముందు మాస్టారి నాలుక పిడచకట్టుకుపోయింది. దూలం మధ్యలో బరువు వేలాడితే, ఆ బరువుని దూలం పొడవుతో గుణించి నాలుగుతో భాగించాలి. కంగారులో ఎనిమిది అనేశారు. సాయంత్రానికి తప్పు గుర్తొచ్చి ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తారు.

"మళ్లీ తీద్దామండీ. రెండు నిమిషాలే."

"ఎలా కుదురుతుంది మాస్టారూ? మ్యూజిక్ కూడా వేసేశారు. అయినా నాలుగుకీ ఎనిమిదికీ ఏం పెద్ద తేడా?"

"దూలం నెత్తిన పడేంత తేడా అండీ."

"మన కాలేజీలో పడదుగా!"

అప్పట్నుంచి మాస్టారి ఉద్యోగం తెర పక్కన కుర్చీలో కూర్చుని తన పాఠం తానే వినడం. ఒకరోజు ఉండబట్టలేక లేచి, తెర ముందునుంచి బోర్డు దగ్గరికి వెళ్లి ఆ ఎనిమిదిని సరిదిద్దబోయారు. వెనక బెంచీలోంచి కేక వినబడింది.

"అడ్డు తప్పుకోండి సార్, మీరు కనబడటం లేదు!"

పరీక్షలో అందరూ ఎనిమిదే రాశారు. మొదటి బెంచీ అమ్మాయి ఒక్కతే పుస్తకం తిరగేసి నాలుగు రాసింది. జవాబుల పట్టిక ఆఫీసువాళ్లు వీడియో చూసి తయారుచేశారు కనుక ఆమెకు సున్నా పడింది.

"నేను రాసింది తప్పా సార్?" అని ఆమె మాస్టారిని అడిగింది.

మర్నాడు ఆయన ఒక చెక్క పలక, ఇటుకలు, తాడు మోసుకొచ్చారు. వీడియో ఆపేశారు. పలకను రెండు బల్లల మీద అడ్డంగా పరిచారు.

"తెర మీద పెద్దమనిషి లెక్కన ఇది ఎనిమిది ఇటుకలు మోయాలి. ఈ అమ్మాయి లెక్కన నాలుగే. మధ్యలో వేలాడేలా కట్టండి, చూద్దాం."

నాలుగో ఇటుకకి పలక మూలిగింది. అయిదోది కట్టగానే ఫెళ్లున విరిగింది. క్లాసంతా ఈలలు, చప్పట్లు. ఆ గోలకి ప్రిన్సిపాల్ ఉరుకులు పరుగుల మీద వచ్చారు.

"ఈ అమ్మాయికి రావాల్సిన మార్కులు వెయ్యండి," అన్నారు మాస్టారు. ఈసారి నాలుక తడబడలేదు. "లేదంటే రేపు తల్లిదండ్రుల్ని పిలిచి, వాళ్ల ముందు ఇంకో పలక విరగ్గొడతాను."

ప్రిన్సిపాల్ విరిగిన చెక్కనీ, మెరుస్తున్న పిల్లల కళ్లనీ మార్చి మార్చి చూశారు.

"వేస్తాం, వేస్తాం. దానికేం భాగ్యం!" అన్నారు. ఆ వెంటనే ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఇంతకీ ఇది ఎవరైనా వీడియో తీశారా?"

ఎవరూ తీయలేదు.

అరగంటలో క్లాసులోకి కెమెరా వచ్చేసింది. విరగ్గొట్టడానికి ఇంకో పలక దొరక్కపోతే, ప్రిన్సిపాల్ తన బీరువాలోని అర ఊడదీయించి పంపారు. మాస్టారు దాన్ని ఎంతో శ్రద్ధగా విరగ్గొట్టారు.