ప్రింటర్ మింగిన గీత

దుర్గేష్ ఫోన్ చేసినప్పుడు నేను నాచారం గోదాములో అట్టపెట్టెలు సర్దుతున్నాను.

"పెద్దమ్మా, గీసారి మందు మస్తు నయం. చల్లగ పెట్టే పని లేదట. డీజిల్ మిగిలింది. సాయంత్రం నీకు చాయ్ తాపిస్త."

దుర్గేష్ మా వ్యాన్ డ్రైవర్. పసిపిల్లల టీకా పెట్టెలు ఎక్కించుకుని అప్పుడే మేడిపల్లి వైపు ఆసుపత్రులకు బయలుదేరాడు. ఆ పెట్టెలకు లేబుళ్ళు అంటించింది నేనే.

"ఎవరు జెప్పిన్రురా?"

"మీ లేబులే జెప్పింది. ఇరవై ఎనిమిది డిగ్రీలట. కూలింగ్ బంద్ జేసిన." నవ్వి ఫోన్ పెట్టేశాడు.

మిగిలిన లేబుల్ ఒకటి పట్టుకుని నీరజ దగ్గరికి ఉరికాను. కంప్యూటర్‌లో లేబుళ్ళు చేసి ప్రింట్ తీసేది ఆమె. ఈ మధ్యే చేరింది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

"బిడ్డా, దుర్గేష్ ఇరవై ఎనిమిదని కూలింగ్ ఆపేసిండట."

నీరజ లేబుల్ చూసి, స్క్రీన్ చూసి, మళ్ళీ లేబుల్ చూసింది. స్క్రీన్ మీద రెండుకూ ఎనిమిదికీ మధ్య గీత ఉంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల వరకు అని దాని అర్థం. లేబుల్ మీద గీత లేదు. రెండూ ఎనిమిదీ ఆనుకుపోయాయి.

"ఎప్పుడూ నీ చేత్తోనే కొడతవు గదా?"

"ఈసారి మేనేజర్ నరేన్ సారు రాసి వాట్సాప్‌ల పంపిండత్తా. అర్జెంట్ అంటే దాన్నే కాపీ జేసి పెట్టిన."

స్కూటీ తీస్తూ చెప్పింది. కంప్యూటర్ లోపల ప్రతి గుర్తుకూ ఒక నంబరు ఉంటుందట. మనం కొట్టే పొట్టి గీతకు ఒకటి, సారు ఫోన్ దానంతట అదే పెట్టిన పొడుగు గీతకు ఇంకొకటి. కంటికి రెండూ గీతలే. మా పాత ప్రింటర్‌కు పొట్టి గీత నంబరే తెలుసు. తెలియని నంబరు వస్తే చప్పుడు చేయకుండా వదిలేసిందట.

"తెల్వదని ఒక చుక్కన్న పెట్టొద్దా?" అన్నాను. నీరజ నన్ను వెనక ఎక్కించుకుంది. పొట్టి గీతతో అప్పటికప్పుడు తీసిన కొత్త లేబుళ్ళు నా ఒళ్ళో పడేసింది.

దుర్గేష్ ఫోన్ ఎత్తలేదు. ఉప్పల్ చౌరస్తాలో బస్సుల మధ్య ఇరుక్కున్నాం. ఎండ నెత్తి మీద మండుతోంది. వ్యాన్‌లో మందు ఎంత వేడెక్కుతోందో అన్న ఒక్క ఆలోచనే ఉంది నాకు. బోడుప్పల్ దాటకముందే రోడ్డు పక్కన టిఫిన్ బండి దగ్గర వ్యాన్ కనిపించింది.

"ఏంది పెద్దమ్మా, చాయ్‌కి గింత తొందరనా?" అన్నాడు దుర్గేష్, ప్లేటు చేతిలో పట్టుకుని.

"పెట్టెలు దించినవా?"

"ఒక్కటి గూడ దించలే."

నీరజ వెనక తలుపు తీసింది. లోపల వేడి చూపే మీటర్ ముల్లు ఇరవై ఒకటి మీద ఉంది. సంగతి విని దుర్గేష్ ప్లేటు పడేసి కూలింగ్ వేశాడు. ముల్లు మెల్లగా దిగసాగింది.

"జర ఆగితే మళ్ళ ఐదుకొస్తది" అన్నాడు దుర్గేష్ గొంతు తగ్గించి. "కొత్త లేబుళ్ళు అంటియ్యి పెద్దమ్మా. ముల్లు పోయి సారుకు జెప్తదా? ముగ్గురి నౌకరీలు నిలబడ్తయి."

నీరజ ఒక పెట్టె విప్పి, టీకా సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. ఏమీ మారలేదు, పొద్దున ఉన్నట్టే ఉంది.

"ఇది పాడైందో లేదో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"మనకు తెల్వదత్తా. టీకా ఏసినా పిల్లకు ఆ రోగం వస్తే, అప్పుడు తెలుస్తది."

దుర్గేష్ తల దించుకున్నాడు. నీరజ నా చేతిలోని లేబుళ్ళ వైపు చూస్తోంది. ఆమె ఏమడగబోతోందో నాకు అర్థమైంది.

"నేను అంటియ్యను" అన్నాను.

ముల్లు పదికి వచ్చింది. ఎనిమిదికి వచ్చింది. ఏడు దగ్గర నీరజ ఫోన్ తీసింది. రెండుసార్లు నంబరు తప్పు నొక్కింది.

"సార్, నీరజను. బండి ఇప్పుడు ఏడు మీదుంది. గానీ ఇరవై ఒకటి దాక పోయింది. లేబుల్ల గీత పడలే. నేను సూస్కోలే."

సారు అరుపులు మా ఇద్దరికీ వినిపించాయి. ఉద్యోగం అన్న మాట కూడా వినిపించింది. ఆమె ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు.

"అన్నీ వాపస్ తెస్తున్నం సార్" అంది.

దుర్గేష్ తలుపు వేసి, బండిని నాచారం వైపు తిప్పాడు.