కొండ మీద రాయబారం

"సూర్యోదయం చూద్దువుగానీ రావే, మనిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లి ఎన్నాళ్లయింది!" అని అన్నయ్య అంటే నమ్మి వచ్చింది. కళ్లద్దాల షాపు వెనక గదిలో రోజంతా అద్దాలు అరగదీసే పని ఆమెది. వారానికి ఒక్కటే సెలవు. ఆ సెలవునాడు చీకటితోనే లేచి కొండ కింద కారు దిగేసరికి, గైడు చుట్టూ చేరిన గుంపులో కొత్త బూట్లు తొడుక్కుని ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

ఏడాది కిందట ఆమె వదిలేసి వచ్చిన మనిషి. కొట్టలేదు, తిట్టలేదు. కోపమొస్తే మాట్లాడటం మానేసేవాడు, నెలల తరబడి. ఆమె జ్వరంతో మంచం పట్టినప్పుడు కూడా పెదవి విప్పలేదు.

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. "ఇదా నీ సూర్యోదయం?" అంది అన్నయ్యతో.

"అరవకే, అందరూ చూస్తున్నారు. బావ మారాడమ్మా. ఒక్కసారి విను."

తిరిగి పోదామంటే ఆ వేళప్పుడు బస్సులు లేవు. మెడలో ఈల వేసుకున్న గైడు, పొట్టిగా ఉన్న ఒకావిడ, "టార్చీలు వెలిగించండి, ఒకరి వెనక ఒకరు" అంటూ బయల్దేరింది. ఈమె గబగబా వెళ్లి ఆవిడ వెనకే నడిచింది. అన్నయ్య రొప్పుతూ వెంటపడ్డాడు.

"బావ బాగా చిక్కిపోయాడే."

"తినమను."

"నిద్ర కూడా పట్టడం లేదట."

"ఎవరు చెప్పారు, ఆయనా? నీతో మాట్లాడతాడన్నమాట!"

దారి నిటారుగా మారింది. ఆమెకు ఆయాసమే తెలియలేదు. గైడు వెనక్కి తిరిగి, "మెల్లగా రామ్మా, కొండ ఎక్కడికీ పారిపోదు" అంది.

"పారిపోవాల్సింది నేనండీ" అందీమె.

పైకి చేరేసరికి తూర్పు తెల్లబడింది. కింద రేవులో క్రేన్లు, ఇంకా నిద్రలేవని మేడలు, వాటిని ఒరుసుకుని సముద్రం. సూర్యుడు నీళ్లలోంచి తొంగిచూడగానే అందరూ ఫోన్లెత్తారు. అన్నయ్య బావను మోచేత్తో పొడిచి ముందుకు తోశాడు.

అతను గొంతు సవరించుకున్నాడు. అంత కోపంలోనూ ఆమె ఆ ఒక్క క్షణం నిజంగానే ఎదురుచూసింది.

"గీజరు పాడైంది" అన్నాడతను. "నువ్వు ఎవర్ని పిలిచేదానివో తెలీలేదు."

"ఏడాదికి నోరు పెగిలితే వచ్చిన మాట ఇదా?" కొండంతా వినబడేలా అరిచిందామె. "నేను జ్వరంతో మూలుగుతుంటే రాని గొంతు, గీజరుకి వచ్చిందా?"

ఫోన్లన్నీ ఇటు తిరిగాయి. అతను సముద్రం వైపు తిరిగిపోయాడు. ఆమె అన్నయ్య మీదికి వెళ్లింది.

"ఆయన ఇంతేనని నాకు తెలుసు. నువ్వెందుకు చేశావీ పని?"

"నీ మంచికేనే..."

"నన్నడక్కుండా నా మంచి నీకెలా తెలిసింది? పిలిస్తే వస్తానన్న ధీమాతోనే కదా నాకు అబద్ధం చెప్పావు! ఆయన్ని నీ కారులో నువ్వే దింపుకో."

గైడుతోపాటు కొండ దిగి, బస్సెక్కి తను అద్దెకుంటున్న గదికి చేరింది. వారం రోజుల బట్టలు ముందేసుకుని ఉతికింది. ఉతకడం కాదు, బాదింది. సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"కోపం తగ్గిందా?"

"లేదు."

"మీ వదిన కూడా గడ్డి పెట్టిందే."

"వదిన సంగతి తర్వాత. నువ్వేమంటావ్?"

"తప్పు చేశాను. నిన్ను అడగాల్సింది."

"సరే, విన్నాను. ఇప్పుడు మాట్లాడితే ఇంకా తిడతాను. తగ్గాక నేనే చేస్తాను" అని చెప్పి మరీ ఫోన్ పెట్టేసి, మిగిలిన దుప్పటి అందుకుంది.