బంతి పట్టే వేలు

ఆ శనివారం వేల్స్ రగ్బీ జట్టును ఎంపిక చేసే పెద్దమనుషులు నలుగురు మా లోయకు వచ్చి, మైదానం అంచున కుర్చీల్లో కొలువుదీరారు. మా జట్టులో గోల్స్ తన్నే ఇడ్వల్‌కు ముప్పై రెండేళ్లు. వేల్స్ ఎర్ర జెర్సీకి ఇదే ఆఖరి అవకాశమని బొగ్గుగనిలో బండ్లు లాగే గుర్రాలకు కూడా తెలుసు.

వేల్స్ జట్టు నుంచి మొదటి పిలుపు 1939 ఆగస్టులో వచ్చింది. సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. ఉత్తరం టీ డబ్బాలో ఉండిపోయింది. ఇడ్వల్, నేస్తం మోస్టిన్‌తో కలిసి ఇటలీ దాకా వెళ్లాడు. తిరిగి ఒక్కడే వచ్చాడు.

మా కొండగాలికి కోలబంతి నేలమీద నిలవదు. ఒకడు బోర్లా పడుకుని వేలికొనతో పట్టుకుంటేనే ఇంకొకడు దాన్ని గోల్ స్తంభాల మధ్య అడ్డకర్ర దాటేలా తన్నగలడు. చిన్నప్పటినుంచీ ఇడ్వల్‌కు ఆ వేలు మోస్టిన్‌ది. బంతి లేచీ లేవకముందే "దాటిందిరా!" అని ఊరంతటికంటే ముందు అరిచేవాడు, వెధవ. వాడు పోయాక ఆ చోట ఇడ్వల్ ఎవరినీ పడుకోనివ్వలేదు.

"మొండికేయకురా. కుర్రాడు గెథిన్‌ని పట్టుకోనీ," అని కెప్టెన్ హేడన్ బతిమాలాడు.

"అక్కర్లేదు."

మడమతో గుంట చేసి బంతి నిలబెట్టాడు. తన్నబోయేసరికి వాలింది, ఎటో పోయింది. రెండోదీ అంతే. సగం ఆటకే పెద్దమనుషులు టోపీలు సర్దుకుని రైలుకు వెళ్లిపోయారు. టీ మాత్రం తాగే వెళ్లారు.

తర్వాత గాలి కొండమీది మేఘాన్ని మైదానంలోకి తోసింది. స్తంభాలు కరిగిపోయాయి, మనుషులు గొంతులుగా మిగిలారు. అప్పుడే గోల్‌కి తన్నే పెనాల్టీ దొరికింది. గడ్డిలో మోస్టిన్ పడుకుని ఉన్నాడు, చెంపకు బురదతో.

"ఎంతసేపురా? పొట్ట తడిసిపోతోంది."

ఇడ్వల్ నవ్వాడు. మంచు తెర కాస్త పలచబడింది. గడ్డి ఖాళీగా ఉంది. వాడు పోయినప్పటినుంచీ ఆ ఖాళీకే తను కాపలా కాస్తున్నాడని తోచింది.

"గెథిన్, ఇలా వచ్చి పడుకో."

"ఇప్పుడా అన్నా? చూసేవాళ్లు పోయారుగా!"

"పడుకోరా."

గెథిన్ బోర్లా పడుకుని వేలు ఆనించాడు, బంతి నిలిచింది. ఇడ్వల్ తన్నాడు. తెల్లటి మంచు దాన్ని మింగేసింది. అందరూ మెడలు చాచారు. ఇడ్వల్ మాత్రం నేలమీది మనిషినే చూస్తున్నాడు.

"ఏమీ అనవేంరా?"

"ఏమనాలన్నా?"

"దాటిందను."

"నాకేం కనబడట్లేదు!"

"మోస్టిన్‌కీ కనబడేది కాదురా," అన్నాడు ఇడ్వల్. "అను."

గెథిన్ బురదలోంచి తల ఎత్తి, ఊరంతా వినేలా అరిచాడు.