సీటొచ్చింది నాకు

మా ఆయన మహేంద్ర అబద్ధాలాడడు. నిజాన్ని సగం చెప్పి ఊరుకుంటాడు. నన్నడిగితే అబద్ధమే నయం. దాన్ని పట్టుకుని కడిగేయవచ్చు, సగం నిజాన్ని ఏం చేస్తాం?

వెల్లింగ్టన్‌లో మేముండే పేట జాన్సన్‌విల్. అక్కడి లైబ్రరీ ముందు జనార్దనరావు అంకుల్ ఎదురై "ఏవయ్యా, ఇంట్లో ఏంటి విశేషాలు?" అని అడిగారట. "మా ఇంట్లో కాలేజీ సీటొచ్చిందండీ. ఒకటి కాదు, రెండు. ఏది తీసుకోవాలో తేలట్లేదు" అన్నాడట ఈయన. ఎవరికి వచ్చిందో చెప్పలేదు. అంకుల్ అడగనూ లేదు. తెలుగువాళ్ళ ఇంట్లో సీటొచ్చిందంటే అది పిల్లలకే వస్తుంది, అడిగే పనేముంది? మాకు పదిహేడేళ్ళ కూతురుంది, అక్షర. దాని స్కూలు ఇంకో ఏడాది మిగిలే ఉంది. అయితేనేం, ఏడాది ముందే సీటు కొట్టిన పిల్ల అనుకుంటే మరీ ముచ్చట. సాయంత్రానికల్లా ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా దానికి చప్పట్లు, పూలగుత్తులు, లడ్డూ బొమ్మలు.

సీటొచ్చింది నాకు. నా పేరు నిరుపమ, వయసు నలభై మూడు.

మా తెనాలిలో పదో తరగతి మంచి మార్కులతో పాసైతే ఎంపీసీ, ఇంకా మంచి మార్కులొస్తే బైపీసీ. నాకు సోషల్లో స్కూలు ఫస్టు వచ్చిందని ఎవరికీ పట్టలేదు. ఎంపీసీలో చేర్చారు, ఇంజినీరింగు చదివించారు, సాఫ్ట్‌వేర్ టెస్టర్నయ్యాను. ఇరవై ఏళ్ళు ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికాను. ఈ ఏడాది మా ఆఫీసులో సగం మందిని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. అందరూ పరామర్శకొచ్చారు. నాకు మాత్రం బడికి సెలవిచ్చినట్టు అనిపించింది. చదువుకుంటానని ఆ వారమే ఇంట్లో చెప్పేశాను.

నేను వెతుక్కున్నవి చిన్న కాలేజీలు. ఒక్క సబ్జెక్టు పట్టుకుని వేలాడకుండా చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, కాస్త సైన్సు, అన్నీ కలిపి చదివించి మనిషి చేత ఆలోచింపజేస్తారు. దీన్ని లిబరల్ ఆర్ట్స్ అంటారని చెబితే మహేంద్ర "ఆర్ట్స్ అంటే బొమ్మలేస్తావా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఒకటి పామర్‌స్టన్ నార్త్‌లో ఉంది, టోటారా కాలేజీ. కారులో రెండు గంటలు. వారానికి రెండు రోజులు వెళితే చాలు, మిగతాది ఇంట్లోంచి చదువుకోవచ్చు. రెండోది పిక్టన్‌లో, పోర్టేజ్ కాలేజీ. వెల్లింగ్టన్‌లో ఫెర్రీ ఎక్కి సముద్రం దాటాలి. సోమవారం నుంచి గురువారం దాకా అక్కడే ఉండాలి, రోజూ వెళ్ళి రావడం కుదరదు.

రెండూ చూసొచ్చాను. టోటారాలో వెనక బెంచీలో కూర్చుంటే స్లైడు మీద స్లైడు వెళ్ళిపోయింది. పక్కమ్మాయి "ఇది పరీక్షలో వస్తుంది" అని చెప్పింది. మంచి అమ్మాయే. కానీ నాకు ఇంటర్ హాస్టలూ, ఇంపార్టెంట్ ప్రశ్నల గైడూ గుర్తొచ్చాయి. పోర్టేజ్‌లో ఒక పెద్ద బల్ల, చుట్టూ పన్నెండు మంది. గొర్రెలు పెంచే అరవై ఏళ్ళాయన, ముక్కుకు రింగు పెట్టుకున్న కుర్రది పుస్తకంలో ఒక పేజీ మీద వాదించుకుంటున్నారు, జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. టీచరు చూస్తూ కూర్చుంది. నేను చూడ్డానికి వెళ్ళినదాన్ని, నోరు మూసుకోవాలి. మూసుకోలేకపోయాను. "మీరిద్దరూ చెప్పేది తప్పే" అన్నాను. ఎందుకని అడిగారు. చెప్పాను. చెబుతూనే ఉన్నాను. నా గొంతు ఆ గదిలో వినబడుతుంటే ఎంత ఆనందమైందో, తిరుగు ఫెర్రీలో టీ చల్లారిపోయిందని కూడా చూసుకోలేదు.

కాబట్టి నాకేది కావాలో నాకు తెలుసు. ఇంట్లో తేలనిదల్లా నన్ను పంపాలా వద్దా అనేదే.

"గ్రూపులో అందరూ అక్షర అనుకుంటున్నారు. ఎందుకు చెప్పలేదు?" అని మహేంద్రను నిలదీశాను.

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు ఆయన బస్సెక్కేశారు."

"ఫోన్లున్నాయి కదా."

"ఆదివారం భోజనానికి రమ్మన్నాలే. అప్పుడు మెల్లిగా చెబుదాం."

పోర్టేజ్ వాళ్ళకు సోమవారంలోగా జవాబివ్వాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆదివారం అంకుల్, వేదవతి ఆంటీ వచ్చారు. అంకుల్ గుంటూరులో లెక్చరర్‌గా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చేసినాయన. ఇక్కడి తెలుగు పిల్లలు ఎవరు యూనివర్సిటీకి వెళుతున్నా ఆ ఇంటికి వెళ్ళి, తూర్పుకు కూర్చోబెట్టి, ఆశీర్వదించి రావడం ఆ దంపతులు పెట్టుకున్న ఆనవాయితీ. ఆంటీ స్టీలు గిన్నెలో అక్షింతలు కలిపి తెచ్చారు. డబ్బా నిండా బొబ్బట్లు కూడా.

అక్షర నా చెవిలో "అమ్మా, దిస్ ఈజ్ సో ఆక్వర్డ్. చెప్పేయ్ ప్లీజ్" అంది. మహేంద్ర కళ్ళతోనే ఆగమన్నాడు. సరే, తింటున్నంతసేపు ఆగాను. ఆగడం నా ఒంటికి పడదు, అయినా ఆగాను.

అంకుల్ పప్పులో నెయ్యి కలుపుకుంటూ రెండు కాలేజీల సంగతీ అడిగారు. నేనే చెప్పాను. బల్ల గురించి, గొర్రెలాయన గురించి, స్లైడ్ల గురించి, ఫెర్రీ గురించి. ఆయన కళ్ళు మెరిశాయి. ఎంతైనా లెక్చరర్.

"పోర్టేజ్! ఇంకో మాటే లేదు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ప్రశ్న అడిగే పిల్ల కోసం మొహం వాచిపోయాననుకో. అలాంటి చోట సీటొచ్చి వదులుకునేవాడు మూర్ఖుడు" అన్నారు.

"అంటే, నాలుగు రోజులు ఇంట్లో ఉండకపోతే ఎలాగండీ?" మహేంద్ర నీళ్ళు నమిలాడు.

"ఏమవుతుందయ్యా? మొదట్లో ఇంట్లోవాళ్ళు బెంగపెట్టుకుంటారు. తర్వాత అలవాటైపోతుంది. చదువు దగ్గర దూరం చూసుకోకూడదు."

నేను ఆయనకు ఇంకో బొబ్బట్టు వేశాను.

భోజనాలయ్యాక ఆంటీ హాల్లో కుర్చీ తూర్పుకు తిప్పించి, "రా అమ్మా అక్షరా, కూర్చో" అన్నారు. అక్షర కదల్లేదు. నావంక చూసింది. మహేంద్ర గోడమీది కేలెండరు చదువుతున్నాడు.

"ఆంటీ, సీటొచ్చింది నాకు" అన్నాను.

ఆంటీ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అంకుల్ నవ్వారు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు.

"నీకా? అదేంటమ్మా, ఏదన్నా ఆన్‌లైన్ కోర్సా?"

"కాదండీ. ఇందాక మనం మాట్లాడుకున్నదే. మూడేళ్ళ డిగ్రీ. చేరేది నేను."

ఆయన మహేంద్ర వైపు తిరిగారు. మహేంద్ర కేలెండరు వదిలి, "నేను సీటొచ్చిందన్నానండీ. అక్షరకని అన్లేదు" అన్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నేను చదువుకోవడం ఆయనకు ఇష్టం లేకపోతే పోట్లాడి ఒప్పిస్తాను. నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ అయితే, దాన్నేం చేయను?

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "చదువుకోవడం మంచిదేనమ్మా, కాదన్ను. అయితే ఆ పామర్‌స్టన్ నార్త్‌ది తీసుకో. ఇంటిపట్టున ఉన్నట్టూ ఉంటుంది, చదివినట్టూ ఉంటుంది."

"చదువు దగ్గర దూరం చూసుకోకూడదని ఇప్పుడే కదండీ అన్నారు?"

"అది పిల్లల సంగతి."

"బల్ల అదేనండీ. పుస్తకాలూ అవే, ఫెర్రీ కూడా అదే. వెళ్ళే మనిషి మారేసరికి కాలేజీ మారిపోయిందా?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా."

"పంతొమ్మిదేళ్ళుగా ఇంటినే గెలుస్తున్నానండీ. ఇంకెన్నాళ్ళు గెలవాలి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గెలిచాననుకున్నాను. అప్పుడు వేదవతి ఆంటీ నోరు విప్పారు.

"అక్షరకి వచ్చేది ఆఖరి ఏడాది కదమ్మా స్కూల్లో. ఆ పరీక్షల మీదే కదా దాని భవిష్యత్తంతా. ఒక్క ఏడాది ఆగలేవా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే దెబ్బ తగిలింది. అంకుల్‌తో అయితే సాయంత్రం దాకా వాదించగలను. ఆంటీ అడిగింది నన్ను నేను అడుక్కోకుండా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న. పోర్టేజ్ వాళ్ళు సీటు ఏడాది పాటు ఆపి ఉంచరు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమంటారు. ఆ సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే సాకులా వినిపించింది.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆంటీ వెనక్కొచ్చి, గిన్నెలోంచి గుప్పెడు అక్షింతలు తీసి నా తలమీద వేశారు. "ఏ కాలేజీ అన్నది నువ్వు చూసుకో. చదువు మాత్రం మానకు" అన్నారు. అంకుల్ అప్పటికే కారు దగ్గరున్నారు.

తలుపు వేశాక మహేంద్ర, "ఆంటీ చెప్పిందాంట్లో తప్పేముంది? టోటారాలో చేరు, అక్షర స్కూలయ్యాక కావాలంటే మారొచ్చు" అన్నాడు.

"నేను మారనని నీకు తెలుసు. చేరాక ఏదో ఒకటి అడ్డొస్తుంది. వచ్చినవన్నీ నేనే సర్దుకుంటాను. ఇంతవరకూ జరిగిందంతా అదే కదా."

"మరి నేనేం చేయాలి?"

"నాలుగు రోజులు నాన్నగా ఉండు. వంట చెయ్యి, అక్షరని ఆటల ప్రాక్టీసుకి తీసుకెళ్ళు, అది ఏడిస్తే పక్కన కూర్చో. ఎవరన్నా నిరుపమ ఎక్కడని అడిగితే చదువుకోడానికి వెళ్ళిందని మొత్తం వాక్యం చెప్పు."

ఆయన తూర్పుకు తిప్పిన కుర్చీని మళ్ళీ దాని చోట పెట్టాడు. తర్వాత "చెప్తా" అన్నాడు. నమ్మడానికి ఆ ఒక్క మాట చాలదు. అయినా ఆ రోజుకి తీసుకున్నాను.

అక్షర సోఫాలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. "ఆగమంటే ఆగుతానే. నువ్వు చెప్పు" అన్నాను. ఆ క్షణంలో అది అబద్ధం కాదు. ఆగమని అది అంటే ఆగేదాన్నే.

"నువ్వెళ్తే నాకు కోపం వస్తుంది అమ్మా. లైక్, రియల్లీ కోపం. మై లాస్ట్ ఇయర్, అండ్ యూ ఆర్ నాట్ హియర్."

"మరి ఆగనా?"

"నో! ఆగితే నా వల్ల ఆగానంటావ్. అమ్మమ్మ లాగా. ఎవ్రీ కాల్, నీకోసం టీచర్ జాబ్ మానేశాను, నీకోసం మానేశాను. నువ్వు ఫోన్ పెట్టేసి ఎంతసేపు సైలెంట్‌గా ఉంటావో నాకు తెలుసు. నాకు ఆ ఫోన్ కాల్ వద్దు."

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా స్పీకర్ పెట్టుకుని కూరలు తరుగుతుంటాను. అక్షర చెవుల్లో హెడ్‌ఫోన్లుంటాయి, వినదనుకున్నాను. మా అమ్మ మానేసిన ఉద్యోగం నలభై ఏళ్ళుగా నా నెత్తిమీదే ఉంది. దింపమని నేనెప్పుడూ అడగలేదు, ఆవిడెప్పుడూ దింపలేదు.

"సరే, అయితే కోపం తెచ్చుకో" అన్నాను.

"తెచ్చుకుంటా."

"గురువారం సాయంత్రం వస్తాగా, వారమంతా దాచిపెట్టి అప్పుడు తిట్టు. నేనూ తిరిగి తిడతాను."

దాని ముందే ఫోన్ తీసి, వస్తున్నానని పోర్టేజ్ వాళ్ళకు రాసి పంపేశాను. అక్షర చూసింది. ఏడుపు ఆపుకుంటూ లేచి, తన గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది. మహేంద్ర నావైపు చూశాడు, నేను లేస్తానని. నేను లేవలేదు. కాసేపు చూసి, ఆయనే వెళ్ళి ఆ తలుపు తట్టాడు.