జ్వరం రాని మనిషి

కళ్ళజోళ్ళు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అనేవారు. కింద కొట్టు, పైన గది. వంటా తనే, తిండీ తనే. అమ్మ పోయినప్పుడు మాటా మాటా పెరిగి, చెల్లెలితోనూ రాకపోకలు తెగిపోయాయి.

కీళ్ళవాతం వచ్చి వేళ్ళు కొయ్యబారిపోయాయి. పొద్దున్న పూట చిన్న మరమేకు కూడా పట్టు చిక్కేది కాదు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి ఇంటర్‌ల్యూకిన్లని ఉంటాయట. క్రిమి చొరబడితే కాపలా కణాలను లేపేది అవే. ఈయన ఒంట్లో ఆరో రకం, ఏ శత్రువూ లేకుండానే కేకలు పెడుతోందట. కాపలా కణాలు పరిగెత్తుకొచ్చి సొంత కీళ్ళనే కుళ్ళబొడుస్తున్నాయట. దాని నోరు నొక్కే ఇంజెక్షన్ ఉందంది.

"కానీ జ్వరం తెప్పించేది కూడా అదేనండీ. ఇంజెక్షన్ మీదుంటే ఊపిరితిత్తులు పాడవుతున్నా ఒళ్ళు కాలకపోవచ్చు. మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కావాలి. ఇంట్లో ఎవరుంటారు?"

"చెల్లెలుంటుంది," అనేశాడు. ఎవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంజెక్షన్ మొదలయ్యాక వేళ్ళు తేలికపడ్డాయి. కొట్టు మళ్ళీ కళకళలాడింది. చలి ముదిరేసరికి దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. థర్మామీటరు చూస్తే మామూలే. డాక్టరమ్మ మాట గుర్తుకొచ్చినా, జలుబేలే అని సర్దిచెప్పుకున్నాడు. కొట్టుకొచ్చిన వాళ్ళంతా జోడు తీసి ఆయన చేతికిచ్చి, మసక కళ్ళతో కూర్చునేవారు. ఆయన మొహం ఎవరికి కనబడుతుంది?

చివరికి ఒక టీచరమ్మ, బాగుచేసిన జోడు పెట్టుకుని లేవబోతూ ఆగిపోయింది.

"మీ పెదాలు నీలంగా ఉన్నాయేంటండీ?"

ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. న్యుమోనియా అన్నారు. డాక్టరమ్మ వచ్చి, చెల్లెలు గమనించలేదా అని అడిగింది. ఈసారి దాచలేదు. ఆవిడ కోప్పడితే బావుండేదనిపించింది, కానీ కోప్పడలేదు. పక్క మంచాల దగ్గర ఎవరో ఒకరు బత్తాయిలు ఒలుస్తూనే ఉన్నారు.

తగ్గేదాకా ఇంజెక్షన్ ఆపారు. ఇంటికొచ్చేసరికి వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. రోజూ చూసే మనిషి ఒకరుంటే తప్ప మొదలుపెట్టనని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఎంత ఆలోచించినా ఒక్క పేరే తట్టింది. వంకర వేళ్ళతో నంబరు నొక్కి, ఒంట్లో సంగతంతా చెప్పాడు.

"రోజుకొకసారి వీడియో కాల్ చేస్తావా? మాట్లాడక్కర్లేదు. మొహం చూసి, తేడాగా ఉంటే చెప్పు, చాలు."

ఆమె అప్పటికప్పుడే వీడియో కలిపింది. తెర మీద చెల్లెలి మొహం వచ్చింది. జుట్టు నెరిసిపోయింది.

"దీపం దగ్గరికి రా అన్నయ్యా. సరిగ్గా కనబడట్లేదు."

వెళ్ళాడు. ఆమె చాలాసేపు చూసింది. బాగానే ఉన్నావంది. ఫోన్ పెట్టేశాక ఆయన ఆ దీపం కిందే నిలబడిపోయాడు.