తేదీ ఉన్న డబ్బు

షేర్ల పని నేర్పడానికి కూర్చున్నప్పుడు మా బావమరిది మొట్టమొదట అడిగింది ఇది.

"బావా, ఈ డబ్బుకి తేదీ ఏమైనా ఉందా?"

అర్థం కాలేదన్నాను.

"అంటే, ఫలానా రోజుకి ఇది నా చేతిలో ఉండి తీరాలి అని. ఫీజో, అద్దో, ఆస్పత్రో. అలాంటి డబ్బు ఇందులో పెట్టకూడదు. మార్కెట్టు మన కేలండర్ చూసి నడవదు."

"అలాంటిదేం లేదు," అన్నాను.

ఉంది. వచ్చే నెల పంతొమ్మిది. నా భార్య గుండెలో కవాటం ఒకటి పాడైంది. ఆపరేషన్‌కి ఐదు లక్షలు. నా దగ్గరున్నది మూడున్నర. ఆవిడ పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. నా మాట వింది. చేతిలోని చొక్కా కాసేపు ఆగింది. తర్వాత మడత పూర్తిచేసింది.

జబ్బు సంగతి తమ్ముడికి చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నది ఆవిడే. "తెలిస్తే షాపు అమ్మేస్తాడు. ఇద్దరు పిల్లలున్నవాడు. మీరు నోరు జారారో, నేను ఊరుకోను." వాడిది సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. కుర్చీ వెనక్కి జరిపితే గోడకి తగులుతుంది. అది పోతే వాడికింకేం లేదు.

నేను బట్టలకు రంగులద్దే మిల్లులో బాయిలర్ మనిషిని. ముప్పై ఒక్క ఏళ్లు ఒకటే పని. ఆవిరి గేజీలో ముల్లు కిందికి పడితే పొయ్యిలో బొగ్గు వెయ్యాలి. ముల్లు లేస్తుంది. ఇంత తేలికైన పనికి మనిషెందుకని కొత్త సూపర్‌వైజరు అడిగాడు. ఒక వారం చేసి చూడమన్నాను. రెండో రోజే చేతులకి బొబ్బలెక్కి మానేశాడు.

పది రోజులు ఉత్తుత్తి డబ్బుతో నేర్పాడు బావమరిది. కాయితం మీద కొనడం, కాయితం మీద అమ్మడం. కాయితం మీద నాకు పద్దెనిమిది వేలు లాభం వచ్చింది.

"ఫోన్లో మెసేజ్ పెట్టడం రాదు గానీ షేర్లు కొంటారట," అంది ఆవిడ. "చూసుకోండి, బొగ్గనుకుని ఫోన్ని పొయ్యిలో వేసేరు."

"అలా అనకే అక్కా. బావది గట్టి చెయ్యి."

"చెయ్యి గట్టిదేరా. ఆగడమే రాదు దానికి."

అసలు డబ్బు పెట్టే రోజున బావమరిది ఇంకో మాట చెప్పాడు. "కొనకముందే అమ్మే ధర రాసుకో. అక్కడికి పడితే కళ్లు మూసుకుని అమ్మెయ్."

"నష్టానికి అమ్మడమేంట్రా?"

"పొయ్యి తలుపుకి చెయ్యి అంటుకుంటే వెంటనే తీస్తావా, తలుపు చల్లారేదాకా ఉంచుతావా?"

నవ్వాను. పైపులు తయారుచేసే ఒక కంపెనీ షేర్లు రెండువందల పది చొప్పున కొన్నాను. యాభై వేలకే. అంతకు మించొద్దన్నాడు వాడు. బాయిలర్ గది గోడమీద, గేజీ పక్కనే, సుద్దముక్కతో 190 అని రాసుకున్నాను.

ఐదు రోజులు పెరిగింది. రెండువందల ముప్పై దాకా పోయింది. అమ్మలేదు. లక్షన్నర కావాలి నాకు, ఐదు వేలు కాదు. ఆరో రోజు నుంచి దిగడం మొదలెట్టింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీసి ఫోన్ చూశాను. నూట ఎనభై ఎనిమిది. గోడమీద 190. ఎదురుగా గేజీ.

ముల్లు పడితే ఏం చెయ్యాలో నాకొకటే తెలుసు. ఇంకో లక్ష వేశాను.

నూట డెబ్భైకి వచ్చింది. ఇంకో లక్ష. నూట యాభై. మిగిలిన లక్ష కూడా. భయం వెయ్యలేదు. అదే నిజం. పార ఎత్తినప్పుడు ఉండే నిమ్మళమే ఉంది. ఇన్నేళ్లలో ముల్లు లేవకపోవడం నేను చూడలేదు.

బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అది బాగా పడింది. నూట తొంభై దగ్గర అమ్మేశావు కదా?"

"అమ్మేశాను."

"శభాష్. చాలామందికి చేతకానిది మొదటిసారే చేశావు."

ఆవిడ మంచమ్మీద నుంచి నన్నే చూస్తోంది. ఏమీ అడగలేదు. ఆ రోజుల్లో నాలుగు మాటలకే ఆయాసపడేది. ఆయాసం వల్లే అడగలేదని నేను అనుకున్నాను. ఇప్పుడనుకోను.

పదిహేడో తారీకున నూట పద్దెనిమిదికి మొత్తం అమ్మాను. రెండు లక్షల ముప్పై తొమ్మిది వేలు వచ్చాయి. ఆస్పత్రి కౌంటర్లో కళ్లద్దాలమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టింది. "సగం కూడా లేదండీ. పంతొమ్మిదో తారీకు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. మళ్లీ ఖాళీ రెండు నెలల తర్వాతే." మాట్లాడుతూనే డబ్బు కట్టను నా వైపు తోసింది.

ఆవిడ అంతవరకు ఆగలేదు. ఇరవై రెండు రోజులు బతికింది. పోయేముందు రోజు, ఎంత మిగిలిందని అడిగింది. చెప్పాను. "నేనైనా ఆ రోజు నోరు విప్పాల్సింది," అంది. నన్నొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చొక్కా మడత ఆపి, "ఉందిరా, దానికి తేదీ ఉంది," అని ఉంటే ఇంకా బాగుండేది. తనకి తమ్ముడు ముఖ్యమైపోయాడు. దీన్ని నేను మరిచిపోను. చనిపోయిన మనిషి మీద కోపమేంటని అంటారు. ఉంది.

కర్మలప్పుడు బావమరిదికి ఉన్నట్టుండి గుండె ఆగిందనే చెప్పాను. ఐదు నెలల తర్వాత వాడు మళ్లీ వచ్చాడు. బీరువాలో కంటబడ్డ ఆస్పత్రి చీటీలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే చదివాడు. టీ ఇచ్చాను. తాగలేదు.

"పంతొమ్మిది అని తెలిసే నాతో లేదన్నావా?"

"ఆఁ."

"షాపు అమ్మేవాణ్ని కదా బావా."

"అందుకే చెప్పలేదు."

చీటీలు పక్కకి జరిపాడు. తర్వాత ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. పైపుల కంపెనీ. రెండువందల పదకొండు.

"నాకు తెలుసు," అన్నాను. నిజానికి రోజూ చూస్తున్నాను. లేస్తుందని నేననుకున్నది తప్పు కాదు. తారీకే తప్పు.

"నీకు ఈ పని నేర్పకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు బావా," అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. రెండు ముక్కలు చెప్పాడు, రెండూ సరైనవే. ఆ మాట అనడానికి ఎంతో సేపు పట్టదు. వాడు ఎదురుచూస్తున్నాడు కూడా.

"చెప్పొద్దన్నది మీ అక్కే," అన్నాను.

ఆ చీటీలు సరిచేసి బల్లమీద పెట్టి లేచాడు. చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. నేను టీ గ్లాసు తీసుకుని లోపలికి నడిచాను.

మళ్లీ రాలేదు. రమ్మని నేనూ అనలేదు.