నాలుగు విజిళ్లు, ఆరు విజిళ్లు

కుక్కర్లో సెనగలు ఉడుకుతున్నాయి. గట్టు మీద పోపుల డబ్బా పక్కన, మూత విప్పిన కంప్యూటరొకటి పెళ్లి వీడియోను చిన్న సైజుకు మార్చే పనిలో ఉంది. నేత్రావతి రెండింటి మధ్యా నిలబడి, కూతురు శ్వేత బడిసంచిలోంచి తీసిన పెన్సిలు రబ్బరుతో కంప్యూటరు మెమరీ కార్డు అంచులు రుద్దుతోంది. చెవి మాత్రం కుక్కరు మీదే ఉంది. మంట ముట్టుకోలేదు, మంట మారితే పరీక్ష చెడిపోతుంది. నాలుగో విజిలు వచ్చేసరికి వీడియో పూర్తయింది. చీటీ మీద "ఐత్రీ – 4" అని రాసుకుంది. పైన నిన్నటిది ఉంది: "పెంటియం – 6".

"నిన్నా సెనగలే, ఈపొద్దూ సెనగలేనా?" అంది అత్తగారు భాగీరథమ్మ, లోపలి గదిలోంచి వాసనతోనే కనిపెట్టి.

"ఈపొద్దుతో అయిపోయిందత్తా. రేపు ఆకుకూర తెచ్చి సొప్పు సారు చేస్తా."

గడియారం ముందుగదిలో ఉంటుంది, చేతులకు ఎప్పుడూ ప్రాసెసరు వేడెక్కకుండా పూసే బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటుంది. అందుకని పదేళ్ల కిందట విజిళ్లతో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అదే వీడియో, అదే కొలత సెనగలు, అదే మంట. ఎంత తక్కువ విజిళ్లకు పని ముగిస్తే ఆ కంప్యూటరు అంత చురుకైనది. ఇంతవరకూ ఆమె చీటీ తప్పలేదు.

కాడుగోడి స్టేషను రోడ్డులో ఆ ఇంటి ముందుగదే దుకాణం. ఆఫీసులు వదిలించుకునే పాత కంప్యూటర్లు తెచ్చేది ఆమె భర్త మోహన్‌కుమార్, అమ్మేదీ మోహన్‌కుమార్. తేవడానికీ అమ్మడానికీ నడుమ ఉన్నదంతా నేత్రావతిది. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడం, ప్రాసెసరు నెత్తిన ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది పూయడం, ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చడం. ఎవరైనా "మీ మిసెస్ ఏం చేస్తారు?" అని అడిగితే మోహన్‌కుమార్ "ఇంట్లోనే ఉండాది" అంటాడు. అబద్ధమూ కాదు, ఆ పనంతా ఇంట్లోనేగా జరిగేది! పోనీ చెడ్డవాడా అంటే, కాడు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం ఎంత సులువుగా ఉండేది! ఆమెకు జ్వరమొస్తే దుకాణం మూసి మంచం పక్కనే కూర్చుంటాడు, గంజి కాచి తాగిస్తాడు, కాళ్లు పడతాడు, పడుతూ పడుతూ "ఆ రెండు కంప్యూటర్లు రేపటికైనా అవుతాయా నేత్రా?" అని మెల్లగా అడుగుతాడు. ఆమెకు నవ్వొస్తుంది, ఆ నవ్వు అడుగున ఏదో నలుగుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దుకాణంలో నలుగురి ముందు "ఇది మా నేత్రావతి పరీక్ష చేసింది" అంటే చాలని ఉండేది ఆమెకు. అడిగి అనిపించుకోవడానికి మనసొప్పేది కాదు.

ఈసారి ఒకే ఆఫీసు నుంచి రెండు రకాల ప్రాసెసర్లు వచ్చాయి. రెండూ చౌకవే, రెండూ ఒకే బోర్డు మీద కూర్చునేవే. ఐత్రీ పాతది, పెంటియం దానికంటే రెండేళ్లు చిన్నది. రెండింటికీ లోపల పనిచేసే కోర్లు రెండే. కానీ ఐత్రీ ఒక్కో కోరుతో రెండేసి పనులు నెట్టుకొస్తుంది, ఒక చేత్తో తాలింపు వేస్తూ ఇంకో చేత్తో పిల్లకు జడ పట్టుకున్నట్టు. ఈ సంగతి మొదటిసారి చదివినరోజు నేత్రావతికి ఆ పాత బిళ్ల మీద ముద్దొచ్చింది. ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్లకు పెంటియం చాలు, చవగ్గా వస్తుంది. నాలుగు పనులు ఒకేసారి పెట్టుకునేవాళ్లు మాత్రం కాస్త ఎక్కువైనా ఐత్రీయే తీసుకోవాలి. ఇదంతా చీటీలో రాయలేదు. పదేళ్లుగా అంకెలు మాత్రమే రాస్తోంది, మిగతాది అన్నం వడ్డించేటప్పుడు నోటితో చెబుతుంది.

ఆదివారం ఆ చెప్పడం కుదరలేదు. మోహన్‌కుమార్‌కు కొత్తగా యూట్యూబు పిచ్చి పట్టింది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, "నేత్రా, మిక్సీ ఆపు, రికార్డింగ్!" అని కేకేశాడు. చట్నీ సగంలో ఉండగానే ఆపి, ఆమె మేడమీదికి బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది. సోమవారం అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ రెండు రోజుల్లో వీడియో జనంలోకీ, ఒక కంప్యూటరు పక్కనున్న హూడికీ వెళ్లిపోయాయి.

శుక్రవారం ఆటోలోంచి అదే కంప్యూటరును చంకన పెట్టుకుని కదిరమ్మ దిగింది. హూడిలో జిరాక్సు అంగడి ఆమెది. మొగుడు పోయాక దాన్ని ఒక్కతే నడుపుతోంది. పిల్లల కాలేజీ అప్లికేషన్లన్నీ అక్కడే నింపుతారు.

"ఏమప్పా మోహనా, స్కాన్ పెడ్తే ఫారం తెరుచుకోదు, ఫారం తెరిస్తే ప్రింట్ రాదు. సోమవారం లాస్ట్ డేటు. బయట క్యూలో పిల్లోళ్లు నిలబడుకోని ఉండారు, వాళ్ల మొకాలు చూడలేక పోతా ఉండాను. నీ వీడియో చూసే కదప్పా తీసుకునింది!"

"అట్లయ్యేకి లేదక్కా, టెస్ట్‌లో అదే గెలిచింది" అన్నాడు మోహన్‌కుమార్.

లోపలినుంచి వచ్చిన నేత్రావతి పక్కమూత విప్పి లోపల టార్చి వేసింది. పెంటియం. "ఇది అక్కకెందుకు ఇచ్చినారు?" అంది. కదిరమ్మ తన ఫోనులో వీడియో పెట్టింది. తెరమీద మోహన్‌కుమార్ హుషారుగా చెబుతున్నాడు: "మా ఇంట్లో ఆడోళ్లకి కూడా అర్థమయ్యేట్ల చెప్తా చూడండి. మా టెస్ట్‌లో పెంటియంకి ఆరు మార్కులు, ఐత్రీకి నాలుగే! ఏది కొనాలో మీరే చెప్పండి."

మార్కులట! నేత్రావతికి మొదట నవ్వొచ్చింది, వెంటనే కళ్లు మండాయి. పదేళ్లుగా ఆ విజిళ్లకు ఉడికిన సెనగలే తింటున్నాడు, ఆ చీటీలు చూసే అమ్ముతున్నాడు. ఆ అంకె దేనిదని ఒక్కపూటైనా వంటింట్లోకి వచ్చి చూడలేదు. వేరే రోజుల్లో ఆమె నోటిమాట ఆ చీటీని కాపాడుతూ వచ్చింది, అంతే. ఆడవాళ్లకు కూడా అర్థమయ్యేట్టు చెబుతాడట.

లోపలికెళ్లి పేస్టు తెచ్చింది. ఇరవై నిమిషాల్లో పెంటియం తీసి ఐత్రీ కూర్చోబెట్టి, స్కానూ ఫారమూ ప్రింటూ మూడూ ఒకేసారి పెట్టి చూపించింది. కదిరమ్మ ఆమె చేతులవైపే చూస్తూ, "ఇన్ని దినాలూ ఈయప్పే చేస్తాడనుకుంటినే తల్లీ" అంది. నేత్రావతి పక్కమూత బిగించి కంప్యూటరును ఆమె చేతికిచ్చింది.

కదిరమ్మ వెళ్లాక విజిళ్ల కథంతా విని మోహన్‌కుమార్ తల పట్టుకున్నాడు. "అయ్యో, నేను మార్కులనుకుంటిని నేత్రా. ఎంత పని చేసినాను!" నిజంగానే బాధపడ్డాడు. అప్పటికప్పుడు ఇంకో వీడియో చేసి దిద్దుతానన్నాడు. మొహం కడుక్కుని, ఫోను నిలబెట్టి మొదలుపెట్టాడు: "అందరికీ నమస్కారం. పోయిన వీడియోలో స్వల్ప తప్పయ్యింది. మా టెస్ట్ సరిగ్గా జరగలేదు, క్షమించండి..."

తలుపు దగ్గర నిలబడ్డ నేత్రావతికి ఆ మాట చెంప మీద పడ్డట్టయింది. పదేళ్లలో మొదటిసారి ఆమె పని గురించి లోకానికి ఒక మాట చెబుతున్నాడు. ఆ ఒక్క మాటా అది తప్పని! ఆయన కావాలని అనడం లేదు, అది ఆమెకు తెలుసు. పరువు పోకుండా తప్పును ఎక్కడో ఒకచోట దించాలి కాబట్టి, పేరు లేని చోట దించేస్తున్నాడు. ఈపూట ఊరుకుంటే ఇక ఎప్పటికీ అదే మిగులుతుంది.

వెళ్లి ఫోను ఆపింది.

"ఏమైంది?"

"టెస్ట్ సరిగ్గానే జరిగింది. మీరు లేయండి."

"నేనే సరిచేసి చెప్తాలే నేత్రా. నీకు కెమెరా ముందర అలవాటు లేదు, తడబడ్తావు."

"తడబడితే తడబడ్తాను."

లోపలినుంచి భాగీరథమ్మ అంది: "లేయరా. ఆ పిల్ల చెప్తే నేనూ వింటా. నీది ఒట్టి అరుపు."

మోహన్‌కుమార్ ఆమె మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో, లేచి తన రుమాలుతో కుర్చీ తుడిచి, ఫోనును ఆమె ఎత్తుకు సరిచేశాడు. చేతులకున్న పేస్టు కడుక్కోమందామనుకుని మానేశాడు. ఆయన మీద ప్రేమ పొంగింది ఆమెకు. అయినా చెప్పాలనుకున్న మాట మార్చుకోలేదు. కొంగు సర్దుకుని, కెమెరాలోకి సూటిగా చూసింది.

"నా పేరు నేత్రావతి. పోయిన వీడియోలో టెస్ట్ తప్పు కాదు, చెప్పడం తప్పు. చెప్పింది మా ఇంటాయన. టెస్ట్ చేసేది పదేండ్లనుంచీ నేను. ఇంకమీద చెప్పేదీ నేనే."